సురవరము ప్రతాపరెడ్డిగారు: లేరన్నచోట కవులను వెదకిన సంపాదకులు

సాయంకాలమున రేడియో ముందు కూర్చుండి, ఒక రచయితను మరియొకరు ప్రశ్నించుచుండగా వినుట మనకు పరిచితమైన ముచ్చటయే. ఆయన ఏ యూరివారో, ఎవరి యొద్ద చదివిరో, ఏ గ్రంథమును ఎట్టి పరిస్థితులలో వ్రాసిరో అడుగువారడుగుదురు, చెప్పువారు చెప్పుదురు. వినిన మనకు ఆ పుస్తకము చదువవలెనని బుద్ధి పుట్టును. మరునాడు గ్రంథాలయమునకు వచ్చి, ఆ పుస్తకమున్నదా యని విచారింతుము. రచయితను పలుకరించి, ఆయన కృషిని లోకమునకు వినిపించు ఈ పని మిక్కిలి విలువైనది. అయితే రేడియో మన పల్లెలకు రాకమునుపే, మన మెట్ట ప్రాంతములోని రచయితలను ఒక్కొక్కరిని పలుకరించి, వారి ఊరు, పేరు, కృతులు అడిగి తెలిసికొని, అచ్చువేసి లోకమునకు చూపిన మహనీయు లొకరు కలరు. ఆయనయే శ్రీ సురవరము ప్రతాపరెడ్డిగారు. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికయందు ఆయన జీవితమును స్మరించుకొనుట మన ధర్మము.

కృష్ణా తుంగభద్రల నడుమ గల భూమిని నడిగడ్డ యందురు. పూర్వము గద్వాల సంస్థానమునకు పేరుగాంచిన సీమ యది. పండితుల నాదరించుటచేత ఆ సంస్థానమునకు విద్వద్గద్వాల యను ఖ్యాతి కలిగెను. ఆ సీమలోని బోరవెల్లి గ్రామమున 1896 మే 28వ తేదీన ప్రతాపరెడ్డిగారు జన్మించిరి. స్వగ్రామము ఇటిక్యాలపాడు. తండ్రి నారాయణరెడ్డిగారు, తల్లి రంగమ్మగారు. మొన్నటివరకు మహబూబునగరము జిల్లాలోనుండిన ఆ గ్రామములు 2016లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత జోగులాంబ గద్వాల జిల్లాకు చెందినవి.

ఆయన విద్యాభ్యాసము కర్నూలులో సాగెను. అచ్చట వెల్లాల శంకరశాస్త్రిగారి యొద్ద సంస్కృత మభ్యసించిరి. తరువాత హైదరాబాదు నిజాం కళాశాలలోను, మద్రాసులోను చదివి బి. ఎ. పట్టము పొందిరి. అటుపిమ్మట న్యాయశాస్త్రమునందు బి. ఎల్. ముగించిరి. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారసీకము, ఆంగ్లము ఆయనకు చక్కగ తెలియును. ఇన్ని భాషలు తెలిసినవారికి ఆనాడు హైదరాబాదులో న్యాయవాదవృత్తి బంగారు బాట. వారు కొంతకాలము ఆ వృత్తి చేసియు, దానియందు నిలువలేదు. ఆయన మనస్సు వేరొక వ్యాజ్యముపై లగ్నమై యుండెను. తన దేశములో తన భాషకు చోటు లేకపోవుటయే ఆ వ్యాజ్యము.

ఆనాటి పరిస్థితి నేటి పిల్లలకు ఊహకందుట కష్టము. నిజాం రాజ్యములో ప్రజలలో అత్యధిక సంఖ్యాకులు తెలుగు మాటలాడువారు. అయినను కచ్చేరీ భాష ఉర్దూ, బడిలో బోధనాభాష ఉర్దూ. తెలుగు పాఠశాలలు అరుదు. తెలుగు ముద్రణాలయములు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని. సభ జరుపవలెనన్న అనుమతి కావలెను. గ్రంథాలయము తెరచినను అధికారులకు అనుమానమే. 1921లో హైదరాబాదు వివేకవర్ధినీ పాఠశాల యావరణలో జరిగిన ఒక సభలో, అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబూనగా సభాసదులు కేకలువేసి ఆయనను మాటలాడనీయలేదు. ఆ అవమానమునుండియే ఆంధ్రజన సంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు దానికి నడుముకట్టిరి.

అదే కాలమున రాజాబహదూరు వెంకటరామారెడ్డిగారు హైదరాబాదు నగరమున రెడ్డి హాస్టలును స్థాపించి నడుపుచుండిరి. ఆయనయు మన పాలమూరు సీమవారే. నగర కొత్వాలుగా పేరుగాంచినవారు. పల్లెలనుండి చదువుకొనవచ్చు బాలురకు ఆ హాస్టలు ఇల్లయ్యెను. దాని నిర్వహణభారము ప్రతాపరెడ్డిగారి భుజములపై పడెను. బాలురకు అన్నము పెట్టుటతోనే తన పని ముగిసినదని వారు తలంపలేదు. అచ్చటి గ్రంథాలయమును వేలకొలది పుస్తకములతో పెంపొందించిరి. మన జిల్లాలనుండి వెళ్లిన ఎందరో బాలురు మొదటిసారిగ తెలుగు కావ్యములను, చరిత్రలను, వార్తాపత్రికలను చూచినది ఆ గదులలోనే. గ్రంథాలయమే ప్రజలకు రెండవ పాఠశాల యను నమ్మకము ఆయనకు జీవితాంతము వీడలేదు. హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వేసిన బాటలోనే ఆ కృషియు సాగినది.

పుస్తకములు చదువుటకు అలవాటుపడిన జనులకు తమ మాట తాము చెప్పుకొనుటకు పత్రిక కావలెను. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను వెలువరించిరి. ఆ సంవత్సరమే ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను నడిపిరి. ఒక చిన్న పట్టణమునుండి, ఒక పల్లెనుండి పత్రికలు వెలువడుట సాహసమే. అవి దీర్ఘకాలము నిలువలేకపోయినను, మార్గము చూపినవి. 1926 మే 10వ తేదీన హైదరాబాదునుండి గోలకొండ పత్రిక వెలువడెను. వెంకటరామారెడ్డిగారి ప్రోత్సాహము దానికి అండగ నిలిచెను. ప్రతాపరెడ్డిగారు దానికి సంపాదకులైరి.

వారమునకు రెండుమార్లు వెలువడు ఆ పత్రికను నడపుట సామాన్యమైన పని కాదు. చందాదారులు తక్కువ, ప్రకటనలు తక్కువ, ప్రభుత్వపు నిఘా ఎక్కువ. సంపాదకీయము వ్రాయుట, వచ్చిన వార్తలను దిద్దుట, అచ్చుచిత్తులు చూచుట, చందాలకై వ్రాయుట, ఇవన్నియు ఒక్కరి తలపైననే పడినవి. వ్యాసకర్తలు చాలనప్పుడు ప్రతాపరెడ్డిగారే పలు మారుపేర్లతో వ్యాసములు వ్రాసి పుటలు నింపెడివారు. వెట్టిచాకిరి, పటేలు పట్వారుల దౌర్జన్యములు, బడులు లేని పల్లెలు, స్త్రీవిద్య, గ్రంథాలయముల యావశ్యకత, ఇవి ఆ పత్రికకు నిత్యవిషయములు. ఊరినుండి ఒక ఉపాధ్యాయుడో, ఒక రైతో వ్రాసి పంపిన ఉత్తరము అచ్చులో కనబడినప్పుడు ఆ యూరివారికి కలిగిన ధైర్యము ఇంతయని చెప్పరాదు. తమ మాట వినువా రొకరు కలరని వారికి తెలిసెను.

1930లో జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగెను. దానికి ప్రతాపరెడ్డిగారు అధ్యక్షత వహించిరి. సభాకార్యక్రమము తెలుగులో నడువవలెనన్న పట్టుదల ఆయనది. తొమ్మిది సంవత్సరములకు పూర్వము ఏ భాషలో మాటలాడినందుకు ఒక పెద్దమనిషి అవమానము పొందెనో, ఆ భాషలోనే ఒక మహాసభ నిండుగ నడచినది. మరుసటి సంవత్సరము రెండవ మహాసభ మన నల్లగొండ జిల్లాలోని దేవరకొండలో బూర్గుల రామకృష్ణరావుగారి అధ్యక్షతను జరిగెను.

ఇక ఆయన జీవితములో మనము ప్రత్యేకముగ చెప్పుకొనవలసిన ఘట్టము. తెలంగాణములో కవులు లేరని ఒక పండితుడు వ్రాసిన వ్రాత ఆ రోజులలో వెలువడెను. ఆ మాట చాలమందికి కోపము తెప్పించినది. ప్రతాపరెడ్డిగారికిని కోపము రాకపోలేదు. కాని కోపమును కోపముగా ఖర్చుచేయుట ఆయన స్వభావము కాదు. మాటకు మాట వ్రాసి ఊరకుండినచో, రెండు పక్షములవారు నాలుగు వారములు వాదించుకొని మరచిపోయెడివారు. ఆయన ఆలోచన వేరు. లేరన్నవారికి ఉన్నారని చెప్పినంతమాత్రమున చాలదు, ఉన్నవారిని చూపవలెను.

ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. ఆ పండితుడు ద్వేషముతో వ్రాసెనని మన మనుకొననక్కరలేదు. ఆయనకు కవులు కనబడలేదు. ఏల కనబడలేదు? గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములలో కవులుండిరి. పల్లెలలో శతకములు, యక్షగానములు, స్థలపురాణములు వ్రాసినవారుండిరి. కాని వారి కృతులు తాటియాకులమీదను, చేతివ్రాత పుస్తకములలోను ఇంటి అటకలపై నిదురించుచుండెను. అచ్చువేయించు స్తోమత లేదు. అచ్చయినను పొరుగు జిల్లాకు చేరు మార్గము లేదు. కవి మరణించినచో చెదలు ఆ కవిత్వమును తిని ముగించును. ఆ విధముగ ఉన్నవాడు లేనివా డగును. లేరన్న మాట అబద్ధమే. కాని మన యశ్రద్ధ కొనసాగినచో అది ఒకనాటికి నిజమగు ప్రమాదముండెను. ప్రతాపరెడ్డిగారు గుర్తించినది ఈ ప్రమాదమునే.

ఆయన గోలకొండ పత్రికలో ప్రకటన చేసి కవులను పిలిచిరి. తమ పద్యములను, తమ జీవితవిశేషములను పంపుడని కోరిరి. ఆనాటికి హైదరాబాదులో రేడియో శైశవదశలో నుండెను. దక్కను రేడియోను నిజాం ప్రభుత్వము చేకొన్నది 1935లో. అది ఆకాశవాణిలో చేరినది 1950లో. పల్లెలోని కవిని రేడియో ముందు కూర్చుండబెట్టి ప్రశ్నించు మాట ఆనాడు కలలోనిది. ప్రతాపరెడ్డిగారికి దొరికిన సాధనము తపాలా ఒక్కటియే. ఊరూరినుండి ఉత్తరములు రాసాగెను. సంస్థాన పండితులు వ్రాసిరి, బడిపంతుళ్లు వ్రాసిరి, తమ తాతలు వ్రాసిన పద్యములను నకలు చేసి మనుమలు పంపిరి.

వచ్చినవానిని కూర్చి, పరిశీలించి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కలరు. పూర్వకవులును, ఆనాటికి జీవించియున్నవారును అందు చోటుచేసికొనిరి. పేరుపడిన పండితుని ప్రక్కనే ఊరు దాటి ఎన్నడును పోని కవి కూర్చుండెను. ఒక సంఖ్యను చూపి ఒక నిందను తుడిచివేయుట ఇంత నిశ్శబ్దముగ జరిగిన సందర్భములు మన సాహిత్యచరిత్రలో అరుదు. సంచికలోని పద్యములన్నియు ఒకే స్థాయివని ఎవరును చెప్పజాలరు. గొప్పవి కలవు, సామాన్యమైనవియు కలవు. కాని ఆ సంచిక పని కవులకు ర్యాంకులు ఇచ్చుట కాదు. వారు ఉండిరని సాక్ష్యము పలుకుట. ఆ సాక్ష్యము నేటికిని చెక్కు చెదరలేదు. తెలంగాణపు కవులనుగూర్చి పరిశోధింపబూనిన ప్రతివారును మొదట తెరవవలసిన పుస్తకము అదియే.

కవులను వెదకిన ఆ చూపే తరువాత సామాన్య జనులను వెదకినది. రాజుల పేర్లు, యుద్ధముల తేదీలు మాత్రమే చరిత్ర యనుకొనుచుండిన కాలమున, మన పూర్వులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ వృత్తులు చేసిరి, సంతలలో ఏమి అమ్మిరి అని ఆయన అడిగిరి. దీనికి శాసనములు కొంతవరకే సమాధానమిచ్చును. మిగిలినదానికి ఆయన కావ్యములను ఆశ్రయించిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణము, పండితారాధ్య చరిత్ర, ఓరుగల్లు వీథులను వర్ణించిన క్రీడాభిరామము, పల్నాటి వీరచరిత్ర, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి మొదలగు గ్రంథములను పద్యము వెంట పద్యముగ జల్లెడపట్టిరి. ఇతరులు అలంకారములను చూచినచోట ఆయన ఒక వంటకము పేరును, ఒక పిల్లల ఆటను, ఒక నగను, ఒక పనిముట్టును చూచిరి. అర్థము తెలియని మాట వచ్చినప్పుడు, నిఘంటువులో లేకున్నను పల్లెవాని నోట నుండునేమో యని విచారించిరి. ఆ కృషికి ఫలముగ 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడెను. తూర్పు చాళుక్యుల కాలమునుండి ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరముల వరకు తెలుగువారి జీవనము అందు కానవచ్చును.

కావ్యములను ఆధారముగ గొన్నప్పుడు ఒక చిక్కు లేకపోలేదు. కవి తాను చూచినదానినే వ్రాయును. ఆయన చూడని వాడలు, ఆయన అడుగిడని గుడిసెలు చరిత్రలో చీకటిగనే మిగులును. ఆ కొరత ఆ గ్రంథమునందును కొంత కలదు. కాని ఆ చీకటిలోనికి మొదటి దీపము పట్టుకొనిపోయినది ఆయనయే యనుటలో సందేహము లేదు. తరువాత వచ్చిన పరిశోధకులు ఆ వెలుగులోనే ముందునకు నడచిరి.

ఇవిగాక హిందువుల పండుగలు, రామాయణ విశేషములు, హైందవ ధర్మవీరులు, మొగలాయి కథలు, భక్త తుకారాం నాటకము మొదలగునవి ఆయన రచనలు. పండితుల కొరకు వ్రాసినను, పామరుల కొరకు వ్రాసినను, తెలియని విషయము తెలియజెప్పుటయే ఆయన లక్ష్యము. 1943లో నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు స్థాపనలో ఆయన పాలుపంచుకొనిరి. నగరమునకే పరిమితము గాక, పల్లెలలో తెలుగు పరీక్షలు నడిపి, వేలమందికి చదువుపై ఆసక్తి కలిగించిన సంస్థ యది. ఆ పరిషత్తు సభలు 1953 జనవరిలో నడిగడ్డలోని ఆలంపురమునందే జరిగినవి. గడియారము రామకృష్ణశర్మగారు పూనుకొని జరిపిన ఆ సభలకు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు విచ్చేసిరి. ఒకప్పుడు కవులు లేరని యనిపించుకొన్న సీమలోని ఒక చిన్న ఊరికి కవులు, పండితులు తరలివచ్చిన దినములవి.

1948 సెప్టెంబరులో నిజాం పాలన అంతమయ్యెను. 1952 ఎన్నికలలో ప్రతాపరెడ్డిగారు వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. పదవులు ఆయనను వెదకుకొని రాలేదు, ఆయనయు వానిని వెదకుకొని పోలేదు. మరుసటి సంవత్సరమే, 1953 ఆగస్టు 25వ తేదీన, 57 సంవత్సరముల వయస్సున వారు కన్నుమూసిరి.

వారు గతించిన పిదప 1954లో కేంద్ర సాహిత్య అకాడమీ ఏర్పడెను. 1955లో అది మొట్టమొదటి పురస్కారములను ప్రకటించినప్పుడు, తెలుగున ఆ గౌరవము ఆంధ్రుల సాంఘిక చరిత్రకు లభించెను. దానిని అందుకొనుటకు గ్రంథకర్త లేరు. తెలుగునకు దక్కిన ఆ మొదటి పురస్కారము, కవులు లేరని యొకప్పుడు అనిపించుకొన్న సీమనుండి వచ్చిన పుస్తకమునకే దక్కుట కాలము చేసిన న్యాయము. ఎన్నో దశాబ్దముల తరువాత, 2024లో, హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టుటకు తెలంగాణ ప్రభుత్వము నిర్ణయించెను.

పాఠకులారా! ఆయన పేరుతో విశ్వవిద్యాలయముండుట సంతోషమే. కాని ఆయన పని విశ్వవిద్యాలయములకు మాత్రమే అప్పగింపదగినది కాదు. గోలకొండ కవుల సంచికకు ఉత్తరములు వ్రాసినది మనవంటి పల్లెలవారే. వారు వ్రాయకున్నచో సంపాదకులు ఎంతటివారైనను 354 పేర్లను కూర్చలేకపోయెడివారు. అడుగువా రొకరు, చెప్పువారు పలువురు కలసినప్పుడే ఆ పుస్తకము పుట్టినది.

మన ఊరిలోను హరికథలు చెప్పినవారు, భజనకీర్తనలు కట్టినవారు, యక్షగానము లాడించినవారు, బతుకమ్మ పాటలు నోటికి నూరు చెప్పగల ముత్తవ్వలు ఉండిరి. కొందరు వెళ్లిపోయిరి, కొందరింకను మన మధ్యనే యున్నారు. వారిని ప్రశ్నించుటకు ఏ రేడియో కేంద్రమును రానక్కరలేదు. సాయంకాలము అరుగుమీద కూర్చుండి, అవ్వా, ఈ పాట నీకెవరు నేర్పిరి అని అడిగి, విన్నది విన్నట్లు ఒక నోటుపుస్తకములో వ్రాసి, ఊరు, పేరు, తేదీ వేసి, మన గ్రంథాలయపు బీరువాలో నుంచిన చాలును. ఈ ఇరువదియైదు సంవత్సరములలో మన గ్రంథాలయము బయటినుండి పుస్తకములను తెచ్చి మనకిచ్చినది. రాబోవు ఇరువదియైదు సంవత్సరములలో మన ఊరినుండి కొన్ని పుటలైనను దానికి మన మీయవలెను. నలువది యేండ్ల తరువాత ఎవరైన మన ఊరిలో చెప్పుకొనదగినవారెవరును లేరని వ్రాసినచో, ఆ బీరువా తెరచి చూపగలిగిన నాడు మనము ప్రతాపరెడ్డిగారి ఋణము కొంత తీర్చుకొన్నవార మగుదుము.